ఉపవాసాల ఇంట్లో క్రిస్మస్ కేకు

మొన్న మా మనవరాలు కేకు పిండి కలుపుతూ, ఎవరూ చూడటం లేదనుకుని చూపుడు వేలితో కాస్త తీసి నాలిక మీద రాసుకుంది. అది చూస్తూ కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఎటో వెళ్ళిపోయాను. బహ్రెయిన్‌లో, మహూజ్ అనే పేటలో నేను వంటమనిషిగా ఉన్న ఇల్లు, ఆ వంటగది కిటికీ, అందులోంచి పలచటి మజ్జిగలా వచ్చే డిసెంబరు ఎండ, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి.

తొంభైల చివరి మాట. ఆ ఏడు క్రిస్మస్ రంజాన్ నెలలో పడింది. అంతకు రెండు నెలల ముందే మా అమ్మ పోయింది. నాకూ చెల్లికీ ఆఖరి చూపు దక్కలేదు. చెల్లి ఈసా టౌన్‌లో, నేను పనిచేసే ఇంటి పెద్దామె కూతురి దగ్గర పనిచేసేది. నేనే చెప్పి పెట్టించాను. నేనైతే ఏడ్చి తేలికపడ్డాను గాని, అది కంటతడి పెట్టలేదు, సరిగా తినడమూ మానేసింది, ఫోను చేస్తే ఊఁ అనడమే తప్ప మాట లేదు. ఇది ఏమైపోతుందో అని నాకు ఒకటే బెంగ. అలాంటిది ఒకరోజు తనే నోరు తెరిచి, పండక్కి అమ్మ చేసే రవ్వ కేకు చేసిపెట్టవా అని అడిగేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. క్రిస్మస్ నాటి సాయంత్రం కూతురి కుటుంబం ఉపవాసం విడవడానికి మా ఇంటికే వస్తోంది, వాళ్ళతో చెల్లీ వస్తుంది.

అమ్మ కేకంటే బొంబాయి రవ్వ, గుడ్లు, పంచదార, కొబ్బరి, నెయ్యి, యాలకులు. ఇసుక పోసిన గిన్నెలో పెట్టి, మూత మీద నిప్పులు వేసేది. పొయ్యి ఎక్కించే ముందు మా ఇద్దరి నాలికల మీద వేలెడు పిండి రాసి, తీపి సరిపోయిందా అని అడిగేది. మేం సరేనంటేనే గిన్నె కదిలేది.

ఆ రోజు ఇంటిల్లిపాదీ ఉపవాసం. నన్ను ఉండమని ఎవరూ అనలేదు, కాని వాళ్ళు మంచినీళ్ళైనా ముట్టకుండా ఉంటే నాకు నోట్లో ఏదీ వేసుకోబుద్ధి కాలేదు. ఒక పక్క సమోసాలు, ఒక పక్క పప్పు చారు, మధ్యలో రుచి చూడకుండానే పిండి కలిపి ఓవెన్‌లో పెట్టేశాను. యాలకుల వాసన ఇల్లంతా పాకుతుంటే పెద్దామె జపమాల తిప్పుకుంటూ గుమ్మం దాకా వచ్చి, కాసేపు కళ్ళు మూసుకుని నిలబడి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

కేకు బయటికి తీశాక చూద్దును గదా, నేతి డబ్బా వెనక కొలిచి పెట్టుకున్న పంచదార గిన్నె నిండుగా అలాగే ఉంది. ఇంకోటి చేద్దామంటే గుడ్లూ లేవు, పొద్దూ లేదు. ఏడుపు మొహంతో పెద్దామెకు చూపిస్తే, "ఖలాస్, రోనా నహీ", అయిందేదో అయింది, ఏడవకు అంటూ ఫోర్కుతో కేకంతా పొడిచి, నల్లటి ఖర్జూరపు పాకం ధారగా పోయించింది.

మసీదు పిలుపు వినబడేదాకా అందరూ పళ్ళేల ముందు మెదలకుండా కూర్చున్నారు. వాళ్ళు ఖర్జూరం నోట్లో వేసుకున్నాక, వంటగదిలో నేలమీద కూర్చుని చెల్లికి ముక్క పెట్టాను. నమిలింది. నా మొహంలోకి చూసింది.

"అక్కా, పిండిలో పంచదార వెయ్యలేదు కదూ?"

"రుచి చూడలేదే."

"అమ్మ ఉంటే నీ వీపు విమానం మోత మోగేది" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే వెక్కిళ్ళు పట్టి, నా ఒళ్ళో తల పెట్టుకుని, రెండు నెలల ఏడుపూ ఏడ్చింది. పెద్దామె వచ్చి చూసి, తలుపు దగ్గరగా వేసింది. చాలాసేపటికి చెల్లి లేచి, పైటతో ముక్కు తుడుచుకుని, ఇంకో ముక్క పెట్టమంది.

ఇప్పుడు పండగొస్తే మా ఇంట్లో నాలుగు రకాల కేకులుంటాయి. ఎవరికి తీరినప్పుడు వాళ్ళు వచ్చి కోసుకుని, ఫోను చూసుకుంటూ తిని పోతారు. తప్పుపట్టడం లేదు, రోజులు అలాంటివి. కాని ఒక్క ముద్ద కోసం ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునే ఆ కాసేపు ఎక్కడికి పోయిందా అని, మన ఈడు వాళ్ళకి కాక ఇంకెవరికి అనిపిస్తుంది?