ఫిద్దా కోసిన నాచు

ఫిద్దా పుట్టిందీ, పెరిగిందీ, ముసలిదైందీ కరక్ కొండల్లో మేకల వెనకే. మోకాళ్లు మొరాయించాక మందను అమ్మేసి, సముద్రపు ఒడ్డున ఉన్న అఖబా పట్నంలో కూతురు రుదైనా ఇంటికి చేరింది. అల్లుడు ముథన్నా మంగలి. కొట్టు తర్వాత అతని ప్రాణమంతా హాల్లోని ఉప్పునీళ్ల తొట్టి మీదే. అందులో రంగురంగుల పగడాలు, కాసిని చేపలు.

ఫిద్దా తొట్టి ముందు కూర్చుంటే చేపలన్నీ మూతులు తెరుచుకుని వచ్చేవి. నోరు తెరిచిన జీవాన్ని చూసి ఊరుకోవడం ఆమెకు చేతకాదు. అల్లుడు అటు వెళ్లగానే రొట్టె ముక్క నలిపి వేసేది.

కొన్నాళ్లకి పగడాల రంగు మాసిపోయింది. ముథన్నా గాజుగొట్టంలో ఆ నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే ఎర్రగా మారాయి. పగడాలకు పడని నైట్రేట్ పెరిగిందన్నమాట. క్యాన్లతో సముద్రపు నీళ్లు మోసుకొచ్చి మార్చేవాడు. కాస్త తగ్గి, మళ్లీ మొదటికొచ్చేది.

ఒకరోజు తొట్టిలోని రాళ్ల సందున నానిన రొట్టె దొరికింది.

"ఇదేంటి అత్తయ్యా?"

"ఆకలేసి చూస్తున్నాయి నాయనా. నువ్వేమో చిటికెడు పడేసి పోతావు."

"అవి ఎప్పుడూ అలాగే చూస్తాయి! మిగిలిన తిండి కుళ్లి నీళ్లను పాడుచేస్తోంది. నా పగడాలను చంపుతున్నది మీరే!"

ఫిద్దా ఆ పూట భోజనానికి రాలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. రుదైనా మొగుణ్ని దులిపేసింది. "మా అమ్మ చేతిలో ఒక్క మేక పస్తుండలేదు. ఊరందరికీ కత్తెర వేస్తావు, నీ నాలుక్కి వేసుకోలేవా?"

మర్నాడు ముథన్నా తొట్టి కింద ఇంకో చిన్న తొట్టి పెట్టి, నీళ్లు అందులోంచి తిరిగేలా గొట్టాలు కలిపి, దీపం వెలిగించి, చిక్కుపడ్డ జుట్టులాంటి పచ్చనాచు వదిలాడు. అత్తగారి గుమ్మంలో నిలబడ్డాడు.

"తప్పయింది అత్తయ్యా. లేచి రండి, మీకో పనుంది."

"నాకేం పని? నేను ముట్టుకుంటే చస్తాయిగా."

"ఇది నైట్రేట్ తిని పెరిగే గడ్డి. పెరిగిందాన్ని కోసి బయట పారెయ్యాలి. గడ్డి సంగతి మీకు కాక ఎవరికి తెలుసు?"

ఫిద్దా లేచొచ్చి, చిన్న తొట్టిలో చెయ్యి పెట్టి ఓ పిడికెడు లాగింది. "వేళ్లు కూడా లేవే దీనికి!"

రొట్టె వెయ్యడం మానేసింది. పొద్దుటి చిటికెడు మేత మాత్రం తన చేత్తోనే పడాలని పట్టుబట్టింది, అల్లుడు ఒప్పుకున్నాడు. నెలలు గడిచేకొద్దీ గాజుగొట్టంలో ఎరుపు విరిగి పసుపు తిరిగింది. అన్నిటికంటే పెద్ద పగడం బతకలేదు. తెల్లటి బొమికలా మిగిలితే ముథన్నా తీసి పారేశాడు. మిగతావి తేరుకున్నాయి.

కోసిన నాచును ఫిద్దా బాగా కడిగి పక్కింటి కోళ్లకు వేసి చూసింది. అవి ముక్కు కూడా పెట్టలేదు.

"పట్నం కోళ్లు. పొగరెక్కువ," అని తిట్టుకుంటూ లోపలికొచ్చింది.