మొక్కిహొపెరొ అనిపించుకున్న చలికాలం

డెబ్బై ఎనిమిదిలో మిషిగన్ ఉత్తరపు కొసన కాపురం పెట్టిన మొదటి చలికాలంలో నేను పోగొట్టుకున్నవి లెక్కవేస్తే ఒక జత చేతి తొడుగులు, ఒక చెవి దుద్దు, నాలుగు కిలోల బరువు, నిద్ర, చివరికి మాట. ఇన్నేళ్లకు ఆ లెక్క గుర్తుచేసింది శాన్ రామన్‌లోని మనవరాలు. ఫోన్‌లో ఏదో చదువుతూ, "అమ్మమ్మా, ఫిన్నిష్‌లో ఫన్నీ వర్డ్, మొక్కిహొపెరొ! కేబిన్‌లో ఉండీ ఉండీ వియర్డ్ అయిపోయినవాళ్లట" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఒకప్పుడు నన్ను అన్నారు.

మావారు ఇనుప గనిలో ఇంజనీరు, తెల్లవారకముందే వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవారు. డ్రైవింగ్ రాని నేను కిటికీ తెరలు దించుకుని, పౌండ్లను కిలోల్లోకి, అక్కడి డిగ్రీలను మన డిగ్రీల్లోకి మార్చే లెక్కలు నాకు నేనే నేర్చుకుంటూ పొద్దుపుచ్చేదాన్ని. పక్కింట్లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ముసలావిడ ఒక్కతే ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లను పొరుగువాళ్లే ముందు పలకరించాలని నేను, తెరలు దించుకున్న ఇంటి తలుపు తట్టడం మర్యాద కాదని ఆవిడ, ఎవరి పెంపకం ప్రకారం వాళ్లం మర్యాదగానే ఉండి, మూడు నెలలు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఒక సాయంత్రం మావారు గుమ్మం ముందు మంచు తోస్తుంటే ఆవిడ వచ్చి, ఈ తెరలు ఎప్పుడూ తెరుచుకోవేం, మీ ఆవిడ మొక్కిహొపెరొ అయినట్టుంది అందట. మొక్కి అంటే అడవిలో చిన్న ఇల్లని, హొపెరొ అంటే మతి చెదిరినవాళ్లని విడదీసి మరీ చెప్పిందట. ఆయన బూట్లయినా విప్పకుండా లోపలికొచ్చి, "టికెట్ బుక్ చేసేస్తాను, కొన్నాళ్లు మీ అమ్మ దగ్గర ఉండి రా" అన్నారు. అప్పుడు వెళితే మళ్లీ ఆ మంచులోకి తిరిగి రానని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

మర్నాడు కోపంతోనే కోటు తొడుక్కుని వెళ్లి ఆవిడ తలుపు తట్టాను. నాకు పిచ్చా అని అడగడానికి ఇంగ్లీషు చాలక, తల దగ్గర వేలు తిప్పి చూపించాను. ఆవిడ పడీపడీ నవ్వి, "నువ్వొక్కదానివేనా? మా ఆయన పోయాక నేను పొయ్యితో కబుర్లాడుతున్నాను. కూర్చో, కాఫీ పోస్తా" అంది. ఇల్లు కదలడానికి మనసొప్పని వాళ్లనీ అదే మాట అంటారట. అది తిట్టో, జాలో, ముద్దో పలికే గొంతును బట్టి తెలుస్తుందంది. నన్ను అన్నది ఏ గొంతుతోనో మావారికి వినిపించలేదు, అంతే.

టికెట్ కొనలేదు. ఒకరోజు ఆవిడింట్లో కాఫీ, ఒకరోజు మా ఇంట్లో, అలా ఐదు చలికాలాలు వంతులు తప్పకుండా గడిచాయి. మేం న్యూజెర్సీకి మారిన రోజున వంతు నాది. స్టవ్ సర్దేశాను, అక్కడికి వెళ్లాక పిలుస్తానన్నాను. మరుసటి ఏడే ఆవిడ పోయింది.

ఇప్పుడు ముందుగా మెసేజ్ పెట్టకుండా ఎవరూ ఎవరి గడపా తొక్కరు, నేనూ తొక్కను. ఆవిడకు మాత్రం ఒక కాఫీ ఈనాటికీ బాకీ.