సముద్రం రాగిని పట్టుకునే వైనం

టైలరింగ్ షాపు మూసేశాక గ్రంథాలయంలో చదువుకోవడం నాకు అలవాటు. సముద్రపు నీటిలో కరిగిన రాగి చాలావరకు విడిగా తిరగదట. నాచు, సూక్ష్మజీవులు బతికుండగానూ, చచ్చాకా వదిలిన సేంద్రియ పదార్థం దాన్ని పట్టి ఉంచుతుందట. విడిగా ఉంటే అదే రాగి కంటికి కనిపించని నాచుకు విషం! దీన్ని కళ్లారా చూడాలనిపించింది. విశాఖలో ఒక ప్రయోగశాల ఏడాదికోరోజు సందర్శకులను రానిస్తుందని, మనం తెచ్చిన నీటినీ పరీక్షిస్తుందని తెలియగానే టికెట్ తీశాను.

సాయంత్రం కాజీపేటలో రైలెక్కాను. ఎదుటి బెర్తు, అప్పుడే పరిచయమైన ఖాసీం చాచాది. రైల్వేలో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. నా పులిహోర తింటూ సంగతి విన్నాడు.

"సముద్రంల రాగి సూడనీకి పోతానవా? మన బజార్ల రాగి బిందెలు లేవా బిడ్డా?"

"ఇది కంటికి కనవడది చాచా."

"కనవడందానికి టికెట్ ఎందుకు తీసినవ్ మరి?"

తెల్లవారి విశాఖలో దిగి, ఇడ్లీ తిని, సిటీ బస్సులో బీచ్‌కు వెళ్లాను. ఇంట్లో రోజూ నీళ్లు తాగే రాగి సీసాను చింతపండుతో తళతళా తోమి తెచ్చుకున్నాను. దాన్ని సముద్రపు నీటితో నింపి, పదింటికి ప్రయోగశాల బల్ల మీద గర్వంగా పెట్టాను. అక్కడి యువ శాస్త్రవేత్త తెల్లబోయింది.

"రాగి సీసాలో తెచ్చారా! ఇందులో సముద్రపు రాగి ఎంతో, సీసా రాగి ఎంతో ఎలా చెప్పనండీ? ఇది పరీక్షించలేం."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంతదూరం వచ్చి గోడమీది బొమ్మలు చూసి పోవాలా? ఉండబట్టలేక అడిగేశాను.

"మేడం, సీసా రాగిని గూడ ఆ పదార్థం పట్టుకుంటది గదా? ఎంతదాక పట్టుకుంటది? ఒక కాడ నిండిపోతదా?"

ఆమె ముఖం విప్పారింది. "మేం రోజూ కొలిచేది అదేనండీ! లోపలికి రండి."

లోపల చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో శుభ్రంగా తెచ్చిన సముద్రపు నీరు ఉంది. ఒక్కోదానిలో మునుపటి దానికంటే కాస్త ఎక్కువ రాగిని ముందురోజే కలిపి ఉంచారు. మొదటి గిన్నెను, విడి రాగిని మాత్రమే కొలిచే యంత్రానికి పెట్టింది. తెర మీద గీత చదునుగా ఉంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. రాగి వేశారు, అయినా యంత్రానికి చిక్కడం లేదు! నాలుగోదానికి గీత కాస్త ఉబ్బింది. ఐదోదానికి గుట్టలా లేచింది.

"నిండిపోయిందండీ! ఇక వేసేదంతా విడిగా మిగిలిపోతుంది."

నేను చప్పట్లు కొట్టేశాను.

తిరుగు రైల్లో పక్కన మహబూబాబాద్ రైతు ఒకామె కూర్చుంది.

"సముద్రంల తానం జేసినవా అన్నా?"

"మర్చేపోయిన అక్కా."

"గంతదూరం పోయి తానం జెయ్యలే? మరేం జేసినవ్?"

చచ్చిన నాచు మిగిల్చింది బతికున్న నాచును విషం నుంచి ఎలా కాస్తుందో చెప్పాను. దానికీ ఒక హద్దుందని, ఆ హద్దును చూసి వస్తున్నానని చెప్పాను. ఆమె సంచీ పక్కకు జరిపి నాకు కిటికీ దగ్గర చోటిచ్చింది.

"మొదటికెల్లి చెప్పే. నా టేషన్ దూరమున్నది."