గుడిసె ముందు బూట్లు

తడిసిన ఉన్ని సాక్సుల వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఏడో తరగతిలో మా కాన్‌బెర్రా స్కూలు వాళ్ళు మమ్మల్ని కొండల్లో నడకకు తీసుకెళ్ళారు. సాయానికి వచ్చిన తల్లిదండ్రుల్లో మా నాన్న ఒకరు. యూకలిప్టస్ అడవి దాటి, కొండ మీది పచ్చికలో వెనకటి పశువుల కాపరుల చెక్క గుడిసె చేరేసరికి వాన మొదలైంది. అందరికంటే ముందు నడుస్తున్న నాన్న గుమ్మంలో బూట్లు విప్పేశారు.

"పొయ్యి ఉన్న ఇల్లురా. విప్పి రా."

"నాన్నా, ప్లీజ్! ఇక్కడెవరూ విప్పరు. సో ఎంబరాసింగ్!"

"అయితే తడువు."

తడిశాను. లోపల నాన్న రాజేసిన పొయ్యిలో మంట, బయట నాలో మంట. వెచ్చదనం మాత్రం మొదటిదానికే ఉంది. మిగతావాళ్ళు బూట్లతో దూసుకెళ్తారు, నాన్న పరువు పోతుందని కసిగా ఎదురుచూశాను.

వెనకే వచ్చిన టీచరు గుమ్మంలో బూట్లు చూసి, ఆ గుడిసె ఆచారం కాబోలనుకుని తనవీ విప్పింది. ఆవిణ్ణి చూసి క్లాసంతా విప్పింది. కాసేపటికి పొయ్యి చుట్టూ సాక్సులు ఆవిర్లు కక్కుతున్నాయి.

"కమిన్, మేట్," అని ఆవిడే నన్ను పిలిచింది. "షూస్ ఆఫ్, ప్లీజ్. హట్ రూల్."

నేను కదల్లేదు. ఈ దేశంలోనే పుట్టిన నేను చూరు కింద తడుస్తుంటే, వలసొచ్చిన నాన్న లోపల అందరికీ చోటు చూపించి కూర్చోబెడుతున్నారు, సొంతింట్లోలాగా. నాకు మండింది అందుకేనని ఇప్పుడు తెలుస్తోంది.