శుక్రమూఢంలో ప్రశ్నల పోటీ

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మా మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. గిద్దలూరులో హైస్కూళ్ళ మధ్య ప్రశ్నల పోటీ పెట్టారు, అంతా ఆకాశం గురించే. మా బడి తరఫున వెళ్ళే ఇద్దరిలో నేనొకదాన్ని. అప్పటిదాకా రైలెక్కి ఎరగను. సగం ఆ రైలు కోసమే గ్రహాలన్నిటినీ బట్టీ పట్టాను.

సాయంత్రాలు మా పలకల దుకాణంలోనే సాధన. నాయన పెట్టెల్లో గడ్డి పరిచి పలకలు సర్దుతూ ప్రశ్నలడిగేవాడు.

"సూర్యుని చుట్టూ అందరికంటే తొందరగా తిరిగేదెవరు?"

"బుధుడు."

"నక్షత్రం మినుకుమినుకుమంటాది, గ్రహం ఎందుకనదు?"

"నక్షత్రం చాలా దూరం నాయనా. దాని వెలుగు మన గాలిలో చెదిరిపోతుంది."

"శుక్రుడు కొన్నాళ్ళు కనపడకుండా యాడికి పోతాడు?"

"ఎక్కడికీ పోడు. మన కంటికి సూర్యుని పక్కకు వస్తాడు, ఆ వెలుగులో కనపడడు."

ఈ చివరిదంటే నాకు మహా ఇష్టం. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

రేపు ప్రయాణమనగా మా అవ్వ, నాయనకు తల్లి, పంచాంగం చూపించుకుని వచ్చింది. "శుక్రమూఢం నడుస్తా ఉంది. ఆడపిల్ల తొలిసారి ఊరు దాటేది మూఢంలోనా? పోవద్దు" అంది.

ఆ పట్టింపు కొత్త పెళ్ళికూతురికీ, చంటిబిడ్డకీ అని విన్నాను. పరికిణీ కట్టుకుని బడికి పోయే నాకెందుకు? ఏడ్చాను, అన్నం మానేశాను. నాయన పలకల లెక్క చూసుకుంటూ ఉండిపోయాడు. తెల్లారి తను మాత్రం మచ్చుకు కొన్ని పలకలు సంచిలో వేసుకుని అదే రైలుకు, అదే గిద్దలూరుకు బయలుదేరాడు.

"నీకు లేదా నాయనా మూఢం?"

"వ్యాపారానికి మూఢమేందమ్మా!" అని నవ్వాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. పలకల సంచి మోసుకుపోతే శుక్రుడు ఏమీ అనడు. నాలుగు జవాబులు మోసుకుపోతే మాత్రం ఊరుకోడు! నా బదులు ఇంకో పిల్లను పంపారు.

మర్నాడు నాయన తిరిగొచ్చాడు. "పని అయినాక పోటీకాడికి పోయి కూచున్నా. శుక్రుని ప్రశ్నే అడిగినారు తల్లీ! నీ బదులు పోయిన పిల్ల బిక్కమొహం వేసింది. ఒక్కరూ చెప్పలేకపోయినారు. నేనే లేచి చెప్దామనుకున్నా" అన్నాడు, అదేదో గొప్పయినట్టు. ఇంట్లో నా తరఫున ఒక్క మాట పెగలని మనిషికి, పరాయి ఊళ్ళో నా జవాబు నోటిదాకా వచ్చిందట.

తిన్నగా అవ్వ దగ్గరికి వెళ్ళాను. పోటీలో చెప్పాల్సిన మాట ఇల్లెగిరిపోయేలా అరిచాను. "శుక్రుడు ఎక్కడికీ పోలేదు! సూర్యుని పక్కకు వచ్చినాడు, ఆ వెలుగులో కనపడడు, అంతే!"

అవ్వ చింతపండులో గింజలు తీస్తూ తలైనా ఎత్తలేదు.

"మూఢమంటే అదే కదే," అంది. "అందుకే గదా నిన్ను పోవద్దన్నది."