రత్నం బావ బండికి ఈజీఆర్ పీకించిన రోజు

మారేడుమిల్లి ఘాట్ రోడ్డు గురించి నేను రాసిన పోస్టు కింద చాలామంది అడిగింది అడవి గురించి కాదు, జలపాతాల గురించీ కాదు. "మా డీజిల్ ఎస్‌యూవీ ఎత్తు ఎక్కేటప్పుడు ఈడుస్తోంది, ఈజీఆర్ తీయించేస్తే బాగవుతుందట కదా, హైదరాబాద్‌లో ఎక్కడ తీస్తారు?" అని. ఆ పనికి ఫిల్మ్‌నగర్ వైపు మంచి షెడ్లున్నాయని విని విజయవాడ నుంచి, రాజమండ్రి నుంచి కూడా బండ్లు వేసుకుని వచ్చేవాళ్లున్నారు. సరే, నేనూ వెళ్లొచ్చాను. నా బండితో కాదు, మా బావ బండితో. మోతీనగర్ నుంచి ఫిల్మ్‌నగర్‌కు మహా అయితే ఏడెనిమిది కిలోమీటర్లు. ఇంత చిన్న ప్రయాణం గురించి నేనెప్పుడూ రాయలేదు. ఇంత కడుపుమంటతోనూ రాయలేదు.

రత్నం బావ మా కరుణక్క భర్త. ఉన్న ఒక్క ఎస్‌యూవీని సినిమా షూటింగులకు తిప్పుతాడు, డ్రైవరూ తనే. పొద్దున్నే శ్రీనగర్ కాలనీలో నటీనటుల ఇళ్ల దగ్గర ఎక్కించుకోవడం, లొకేషన్‌లో దించడం, పేకప్ అయ్యాక మళ్లీ ఇంటి దగ్గర వదలడం. పని ఇంతే అనుకుంటాం. అసలు పని మధ్యలో ఉంటుంది. షాటుకూ షాటుకూ నడుమ ఆర్టిస్టు వచ్చి బండిలో కూర్చుంటారు. తలుపు తీసేసరికి లోపల చల్లగా ఉండాలి. ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంజను ఆపరు, ఏసీ ఆపరు. ఆర్టిస్టు లోపల ఉంటే డ్రైవరు లోపల కూర్చోకూడదు. అలాగని చెట్టు కిందికి పోకూడదు. పిలుపు రాగానే తలుపు తీయాలి కాబట్టి వెనక తలుపు పక్కనే నిలబడాలి. పొగ గొట్టం ఉండేది కూడా సరిగ్గా అక్కడే.

అలా ఏళ్ల తరబడి నిలబడి నిలబడి బావకు దగ్గు పట్టుకుంది. పొగకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడు. చెప్పడానికేం, ఆయన హాయిగా చెప్పాడు. మోతీనగర్‌లో మేము వెళ్లే చర్చిలో పాట ఎత్తుకునేది బావే. ఆయన మొదటి చరణం పాడాక గాని మిగతావాళ్లు నోరు తెరవరు. కొన్నాళ్లుగా చరణం మధ్యలో ఊపిరి అందక ఆగిపోతున్నాడు. కరుణక్క పాట అయ్యేదాకా తల వంచుకుని కూర్చుంటుంది.

మనిషికి వచ్చిన జబ్బే బండికీ వచ్చింది. గంటల కొద్దీ నిలబెట్టి ఇంజను తిప్పితే లోపల మసి పేరుకుంటుంది. కదలకుండా ఉన్నప్పుడు వణకడం, ఎత్తు దగ్గర ఈడవడం మొదలైంది. ఒకరోజు ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద ఆర్టిస్టు లోపల ఉండగానే ఆగిపోయింది. "ఇంకొక్కసారి ఇలా ఆగితే వేరే బండి పెట్టుకుంటాం రత్నంగారూ, ఏమనుకోకండి" అన్నాడట ప్రొడక్షన్ మేనేజరు శేషు. దాంతో అక్క నాకు ఫోన్ చేసింది. బండ్ల గురించి రాసే తమ్ముడికి బండ్ల గురించి అన్నీ తెలుసని పాపం ఆమె నమ్మకం.

శనివారం బావకు షూటింగ్ సాయంత్రం నుంచే. అందుకని పొద్దున్నే ఏడున్నరకు మోతీనగర్‌లో బయలుదేరి, యూసుఫ్‌గూడ మీదుగా కృష్ణానగర్ చేరాం. ఆ వేళకు ఈ దారి ఖాళీగా ఉంటుంది. తొమ్మిది దాటితే జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కుపోతారు. కృష్ణానగర్‌లో షూటింగులకు వెళ్లేవాళ్లంతా తినే ఒక టిఫిన్ బండి ఉంది. అక్కడి ఆవిడది తణుకు వైపు. పెసరట్టు ఉప్మా అరవై రూపాయలు, అల్లం పచ్చడి ఎంతడిగినా వేస్తుంది. బావ దగ్గుతుంటే అట్లకాడ పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"ఏంటండీ రత్నంగారూ, ఆ దగ్గింకా తగ్గలేదా? క్రిస్‌మస్ నుంచీ వింటున్నాను."

"మంచు పడట్లేదమ్మా" అన్నాడు బావ. అది ఎండాకాలం. ఆవిడ వేడినీళ్ల గ్లాసు ముందు పెట్టింది.

తొమ్మిది లోపే ఫిల్మ్‌నగర్ వెనక వీధిలోని షెడ్డుకు చేరాం. షెడ్డు యజమాని యాదగిరి చేతికి మసి అంటని మనిషి. ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు, పనంతా మనుషులతో చేయిస్తాడు. ఏ హీరో బండికి ఎంత దమ్ము పెంచాడో మనం అడక్కుండానే చెబుతాడు. బానెట్ ఎత్తించి, ఇంజను విని, రోగం మాకంటే ముందే తనకు తెలిసినట్టు తల ఊపాడు.

"గీ ఈజీఆర్ ఉన్నన్ని దినాలు నీ బండికి దమ్ము రాదన్నా. పొగను బయటికి పోనియ్యక మళ్ల ఇంజనుకే తాగిపిస్తది. ఒకసారి ఇడిసిన పొగ మళ్ల ఎవడన్న తాగుతడా?"

"మరి కంపెనీవాళ్లు ఎందుకు పెట్టినట్టు?" అన్నాను.

"గవర్మెంటు కోసం పెట్టిండ్రు. మన కోసం గాదు."

ఆయన చెప్పింది సగం నిజం. మిగతా సగం నేను చెబుతాను. ఇంజను లోపల మంట మరీ వేడెక్కితే కళ్లు మండించే, ఊపిరితిత్తులను పాడుచేసే వాయువు ఎక్కువ పుడుతుంది. పొగలో కొంత భాగాన్ని చల్లార్చి మళ్లీ లోపలికి పంపితే ఆ వేడి తగ్గుతుంది, ఆ వాయువూ తగ్గుతుంది. ఈజీఆర్ అంటే అంతే, ఒక వాల్వు, ఒక కూలరు, ఒక గొట్టం. అది మన బండి పరుగు కోసం పెట్టింది కాదు. బండి వెనక నిలబడ్డవాళ్ల కోసం పెట్టింది.

"తీసేస్తే ఆ గ్యాస్ ఎటు పోతుంది?"

"యెనక నుంచి బయటికి పోతది. గాలిల కలుస్తది. బయట ఎంత జాగ ఉందో సూడు!" అని చేయి చాపి ఆకాశం చూపించాడు యాదగిరి.

నేను బావ వైపు చూశాను. బావ ఇంజను వైపు చూస్తున్నాడు.

"తీయకుండా శుభ్రం చేస్తే చాలదా?"

"చాలుతది. ఎందుకు చాలదు? ఆరువేల పని. గని రెండు దినాలు బండి గీడనే ఉండాలె. అయినా మీరు గిట్లనే నిలవెట్టి నడిపితే ఆర్నెల్లకు మళ్ల నా తానకే వస్తరు. తీసేస్తే పన్నెండు వేలు, మధ్యాహ్నానికి బండి నీ చేతిల ఉంటది. జర సోంచాయించుకోండ్రి."

బావను పక్కకు తీసుకెళ్లాను. శుభ్రం చేయిద్దాం, రెండు రోజులు ఇంట్లో ఉండు, నీ ఛాతీకీ విశ్రాంతి అన్నాను. బావ తల అడ్డంగా ఊపాడు.

"కుదరదు ప్రసాదూ. ఒక్కరోజు నా బండి లేకపోతే ఇంకో బండి వస్తుంది. ఆర్టిస్టు దానికి అలవాటుపడిపోతారు. వచ్చిన బండి మళ్లీ పోదు. అసలు నేను ఈ పనిలోకొచ్చిందే అలా, ఇంకొకాయన రెండ్రోజులు జ్వరంతో పడుకుంటే."

"వెనకాల నిలబడేది నువ్వే కదా బావా!"

"నిలబడ్డానికి చోటుంటే కదా దగ్గేది" అన్నాడు. వెళ్లి యాదగిరితో తీసేయమని చెప్పాడు.

ఇక పని ఎలా జరుగుతుందో చెబుతాను, అడిగినవాళ్లున్నారు కదా. ముందు ఇంజనును చల్లబరిచే కూలెంటు దించారు. క్లాంపులు వదులు చేసి గొట్టం, దాని వెనక కూలరు, చివరికి వాల్వు తీశారు. లోపల మసి అట్లకాడతో గీకాల్సినంత మందంగా ఉంది. తీసిన చోట రంధ్రాలకు స్టీలు పలకలు పెట్టి బిగించారు. తర్వాత ల్యాప్‌టాప్ తగిలించి, అలాంటి వాల్వు ఒకటి ఉండేదన్న సంగతే ఇంజను కంప్యూటరు మరిచిపోయేలా చేశారు. లేకపోతే డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలుగుతూనే ఉంటుంది. తీసిన సామానంతా గోనెసంచిలో కట్టి డిక్కీలో పెట్టి, "ఎప్పుడన్న అమ్మేటప్పుడు మళ్ల బిగిపిచ్చుకోండ్రి" అన్నాడు యాదగిరి. ఇలా తీయించడం చట్ట ప్రకారం తప్పు. రేపు ఏదైనా జరిగితే బీమావాళ్లు మొహం చాటేయవచ్చు. ఈ రెండు మాటలూ ఆయన చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను.

రెండు గంటలకు బండి బయటికి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, బండి అదిరిపోయింది. మొన్న ఆగిపోయిన ఎత్తునే ఏసీ వేసుకుని మూడో గేరులో చులాగ్గా ఎక్కేసింది. బావ మొహం వెలిగిపోయింది. స్టీరింగు మీద వేళ్లతో దరువు వేస్తూ చర్చి పాట ఒకటి ఎత్తుకున్నాడు, రెండు మాటలు పాడి దగ్గి ఆపేశాడు. దారిలో కాలుష్యం పరీక్ష చేసే వ్యాను కనబడితే ఆపాం. సర్టిఫికెట్ గడువు ఎలాగూ అయిపోవచ్చింది. వ్యానులోని కుర్రాడు పొగ గొట్టంలో కడ్డీ పెట్టి, యాక్సిలరేటరు నాలుగుసార్లు తొక్కించి, పాస్ అని కాగితం చేతిలో పెట్టాడు. ఆ యంత్రం చూసేది నల్లపొగ ఎంత ఉందని మాత్రమే. కంటికి కనబడని వాయువు దాని లెక్కలో లేదు. పొద్దుట ఈజీఆర్ పీకించిన బండికి మధ్యాహ్నం పరిశుభ్రమైన బండి అని కాగితం వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నాలుగింటికి జూబ్లీ హిల్స్‌లో షూటింగ్ జరుగుతున్న బంగళాకు వెళ్లాం. సందు ఇరుకు, క్యారవాన్ పట్టదు. అందుకే ఆర్టిస్టులకు బండ్లే విశ్రాంతి గదులు. ఒక పక్క ఎత్తైన ప్రహరీ, ఆ గోడకు రెండడుగుల దూరంలో వరుసగా బండ్లు, అన్నీ ఇంజన్లు తిరుగుతూనే ఉన్నాయి. శేషు వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"సూపరండీ రత్నంగారూ! వైబ్రేషనే లేదు. ఇక రౌండ్ల గొడవ ఉండదుగా?"

"రౌండ్లేంటి?" అని బావను అడిగాను.

బావ చెప్పలేదు, శేషే చెప్పాడు. బండి నిలబడి నిలబడి వణకడం మొదలుపెట్టినప్పుడల్లా, కాసేపు తిప్పి మసి వదిలించుకుని రమ్మని పంపేవాడట. బావ అద్దాలన్నీ దించుకుని కేబీఆర్ పార్కు చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చేవాడు. రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి అరగంట. మొత్తం రోజులో ఆయన మంచి గాలి పీల్చుకున్నది ఆ కాసేపే. బండికి జబ్బు ఉండబట్టి దొరికిన గాలి అది. దాన్ని మేమే పన్నెండు వేలిచ్చి పీకించుకున్నాం.

"ఇక మార్నింగ్ నుంచి పేకప్ దాకా ఆన్‌లోనే ఉంచేయండి, టెన్షన్ లేదు" అన్నాడు శేషు.

నాకు ఒళ్లు మండింది. "అవసరం లేనప్పుడు ఆపితే ఏమవుతుందండీ? ఆర్టిస్టు వచ్చే ముందు ఐదు నిమిషాలు వేస్తే చల్లబడుతుంది కదా" అన్నాను.

"మీరు ఫీల్డ్‌కి కొత్తా అండీ?" అని నవ్వాడు. "ఆవిడ డోర్ తీసేసరికి వేడిగా ఉందనుకోండి, మాట పడేది నేను. షాట్ ఎప్పుడు బ్రేక్ అవుతుందో నాకే తెలియదు." ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మీద అరిచేవాళ్లు ఆయనకూ ఉన్నారు.

ఇంతలో షాట్ అయి, తల్లి పాత్రలు వేసే ఒక పెద్దావిడ బయటికి వచ్చింది. "భోంచేశారా రత్నంగారూ?" అని ఆప్యాయంగా పలకరించింది. "ఆ, అయిందమ్మా" అని బావ తలుపు తీశాడు. ఆవిడ లోపలికెక్కి, "అబ్బ, చల్లగా ఉంది" అంది. తలుపు పడింది. బావ గోడకూ బండికీ మధ్య ఉన్న ఆ రెండడుగుల్లోకి వెళ్లి, వెనక తలుపు పక్కన నిలబడి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. ఇంజను మెత్తగా, ఎక్కడా తడబడకుండా తిరుగుతోంది. పది నిమిషాలు గడవకముందే నా కళ్లు మండి నీళ్లు కారాయి. పక్కకు వచ్చేశాను. నేను రాగలను.

మరునాడు ఆదివారం షూటింగ్ ఉన్నా, మొదటి ఆరాధనకు వచ్చాడు బావ. పాట ఎత్తుకోమని పాస్టరుగారు అలవాటుగా ఆయన వైపే చూశారు. బావ లేచి నిలబడ్డాడు, ఒక్క క్షణం ఆగాడు, తర్వాత ముందు వరుసలో ఉన్న ఒకాయన భుజం తట్టి 'మీరు మొదలుపెట్టండి' అన్నట్టు చెయ్యి చూపించి కూర్చున్నాడు. అక్క తల ఎత్తలేదు. బయటికి వచ్చాక, "ఆ సామాను మళ్లీ బిగించేద్దాం బావా" అన్నాను. "ఈ షెడ్యూల్ అవనీలే" అన్నాడు. గోనెసంచి ఇంకా డిక్కీలోనే ఉంది. ఈజీఆర్ పీకిస్తే బండి బాగవుతుందా అని అడిగారు కదా, అవుతుంది. బ్రహ్మాండంగా అవుతుంది. ఆ దమ్ము ఎవరి ఛాతీలోంచి వచ్చిందో చూడాలంటే మాత్రం బండి దిగి వెనక్కి వెళ్లి నిలబడాలి. ఆ చోట ఒక మనిషి నిలబడతాడని తెలిసి కూడా నేను ఆ రోజు షెడ్డులో కుర్చీ వేసుకుని చివరిదాకా చూస్తూ కూర్చున్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. ఫిల్మ్‌నగర్ దాకా వెళ్తే ఈజీఆర్ తీయించకండి, రెండు రోజులు ఆగి శుభ్రం చేయించుకోండి. అది మళ్లీ మసి పట్టకుండా ఉండాలంటే బండి ఎక్కడ ఆగినా ఇంజను ఆపండి. ఏసీ వేసుకుని వెనక సీట్లో కూర్చుని ఉంటే, పక్క అద్దం దించి, బయట నిలబడ్డ డ్రైవరును వచ్చి లోపల కూర్చోమనండి.