విరిగిన రంగు

మా ముత్తాత, తాత పోచంపల్లిలో నలభై మగ్గాల ఆసాములు. మా అద్దకానికి సాటి లేదని పేరు. ఆ ఇంటి వారసుణ్ణి నేను.

నిరుడు వానాకాలంలో నా భార్య సుజాతకు డెంగీ సోకి ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. మా ఇద్దరి రక్తం గ్రూపు ఒకటే. దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రిలో నేనే ఇస్తానన్నాను. మరొకరి ముందు చేయి చాచడం మా ఇంటావంటా లేదు.

రక్తం తీసే యంత్రం పక్కన పడుకున్నాను. గొట్టంలో రక్తం నెమ్మదిగా సాగిపోతుంటే కళ్ళు మూతలుపడి, వాకిట్లో ఆరేసిన ఎర్ర నూలు గాలికి ఊగుతున్నట్టు తోచింది. తల తిప్పి చూస్తే సంచిలోకి పసుపు నీరు దిగుతోంది! అద్దకంలో రంగు విరిగి తేట తేలితే కాగు మొత్తం పారబోస్తాం.

"ఆపమ్మా! నా రక్తం విరిగింది. ఇదెక్కిస్తే ఆమె బతకదు" అంటూ సూది పీకబోయాను.

నర్సు నా చేయి అదిమి పట్టింది. "ఏంది సార్, పరేషాన్ చేస్తరు! ఎవ్వరి రక్తమైనా గంతే. ఎర్రకణాలు మళ్ల మీకే ఒస్తయి. మేడమ్‌కు కావాల్సింది గా పసుపుదే. జర కదలకుండ్రి."

తిరిగొస్తున్న రక్తం చల్లగా భుజం దాకా పాకింది. పెదవులు తిమ్మిరెక్కాయి. సంచి నిండేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాను.

రెండు రోజులకు సుజాత లేచి కూర్చుని టీ అడిగింది. మా వంశపు రక్తంలో ఏముందో నేను కళ్ళారా చూసింది ఆ ఒక్కసారే. ఆసుపత్రి ఖర్చుకు నాదర్‌గుల్‌లో మాకు మిగిలిన ఒక్క ప్లాటూ అమ్మేశాం.